ఫోను మీద వేలు ఎవరిది?

తెర మీది బొమ్మను వేలితో తాకి వదిలేస్తే యాప్ తెరుచుకుంటుంది. వదలకుండా కాసేపు నొక్కి పట్టుకుంటే తెరుచుకోదు. బొమ్మ కదలడం మొదలుపెడుతుంది, లేదంటే పక్కనే 'తొలగించు' అన్న మాట వచ్చి కూర్చుంటుంది. ఈ రెండు ఆదేశాల మధ్య తేడా చాలా ఫోన్లలో దాదాపు అర సెకను. ఇరవై ఏళ్ల వేలికి ఆ తేడా ఉన్నట్టే తెలియదు. డెబ్బై ఏళ్ల వేలు మాత్రం నింపాదిగా, గట్టిగా, పని జరిగిందో లేదో చూసుకుంటూ నొక్కుతుంది. స్విచ్చులనూ గొళ్లేలనూ జీవితమంతా అలాగే నొక్కి అలవాటు పడిన వేలు అది. ఫోను దాన్ని వేరే ఆదేశంగా తీసుకుని, తెరవమంటే తీసేయమంటారా అని అడుగుతుంది. పెద్దావిడ ఉలిక్కిపడి చేయి వెనక్కి తీసుకుంటుంది. పక్కనున్న మనవడు 'ఇలా ఇవ్వు అమ్మమ్మా, నేను చేస్తాను' అని ఫోను అందుకుని మూడు సెకన్లలో పని ముగించేస్తాడు.

పల్లెల్లో పెద్దవాళ్లకు ఫోను, ఇంటర్నెట్ నేర్పే ప్రయత్నాలు చాలా చోట్ల ఎందుకు నిలవడం లేదన్న ప్రశ్నకు సగం జవాబు ఈ అర సెకనులోనూ ఆ మూడు సెకన్లలోనూ ఉంది. మొదటిది యంత్రం చేసే తప్పు, రెండోది ప్రేమ చేసే తప్పు. నింద మాత్రం రెండుసార్లూ పెద్దావిడ జ్ఞాపకశక్తి మీదే పడుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెత ఉండనే ఉంది. చెట్ల సంగతి ఎలా ఉన్నా, మనుషుల విషయంలో ఆ సామెత నేర్పేవాళ్ల బద్ధకానికి బాగా పనికొచ్చింది.

లెక్కలోకి రాని వయసు

అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ 2024 అంచనా ప్రకారం ప్రపంచంలో 260 కోట్ల మంది ఇంకా ఇంటర్నెట్ వాడడం లేదు. వారిలో దాదాపు 180 కోట్ల మంది పల్లెల్లోనే ఉన్నారు. పట్టణ జనాభాలో 83 శాతం ఇంటర్నెట్ వాడుతుంటే గ్రామీణ జనాభాలో 48 శాతమే వాడుతున్నారు. 2030 నాటికి ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరికి 60 ఏళ్లు నిండి ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పల్లె, వయసు అనే ఈ రెండు గీతలు కలిసే చోట ఉన్నవాళ్ల గురించే ఈ చర్చ.

వాళ్లు చాలా సందర్భాల్లో లెక్కకే అందరు. ఐరోపా సమాఖ్య 2030 నాటికి 80 శాతం వయోజనులకు కనీస డిజిటల్ నైపుణ్యాలు ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. దాన్ని కొలిచే సర్వే 16 నుంచి 74 ఏళ్ల వాళ్లకే పరిమితం. డెబ్బై అయిదో పుట్టినరోజు దాటిన మనిషి నేర్చుకున్నా, నేర్చుకోకపోయినా ఆ శాతం కదలదు. భారత్‌లో 2017లో మొదలైన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ అచ్చంగా పల్లెల కోసమే ఉద్దేశించిన పెద్ద పథకం. 2024లో ముగిసిన ఆ పథకం కింద శిక్షణకు అర్హత వయసు 14 నుంచి 60గా ఉండేది. ఎవరో కావాలని పెద్దలను గెంటేశారని దీనికి అర్థం కాదు. డిజిటల్ నైపుణ్యం అంటే ఉద్యోగానికి పనికొచ్చేదని ముందే అనుకుంటే, ఉద్యోగం ముగిసే వయసు దగ్గర గీత దానంతటదే పడిపోతుంది.

కానీ ఉద్యోగం లేని మనిషికే పింఛను ఉంటుంది, మందుల చీటీలు ఉంటాయి, దూరాన స్థిరపడిన పిల్లలు ఉంటారు. ఖాతాదారులు తక్కువగా ఉన్న బ్యాంకు శాఖ మూతపడాలంటే ముందు పల్లె శాఖే మూతపడుతుంది. కౌంటరుకు అందరికంటే దూరంగా ఉన్న మనిషికే కౌంటరు అందరికంటే ముందు మాయమవుతుంది. తెర మీద చేసుకోండి అనే మాట అతనికి సౌకర్యంగా వినిపించదు, మూసిన తలుపు చప్పుడులా వినిపిస్తుంది.

ముసలితనం ఎంత, యంత్రం ఎంత

వయసుతో కొన్ని మార్పులు వస్తాయి, వాటిని దాచి మాట్లాడడం వల్ల ఉపయోగం లేదు. నలభై దాటాక కంటి కటకం గట్టిపడి దగ్గరి చూపు మందగిస్తుంది. ఆ తర్వాతి దశాబ్దాల్లో కటకం పసుపు తిరుగుతుంది, తెల్లటి నేల మీద బూడిద రంగు అక్షరాలు కలిసిపోతాయి. వెబ్ పేజీల రూపకల్పనకు అంతర్జాతీయంగా అంగీకరించిన మార్గదర్శకాల్లో అక్షరానికీ వెనకటి రంగుకీ మధ్య వెలుగులో కనీసం 4.5:1 వ్యత్యాసం ఉండాలన్న నియమం 2008 నుంచీ ఉంది. ఎన్ని యాప్‌లు దాన్ని పాటిస్తున్నాయో చూడడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు, ఎండలో నిలబడి ఫోను తెరిస్తే చాలు. పల్లెలో ఫోను తెరిచేది ఎక్కువగా ఎండలోనే.

వేలి సంగతి ఇంకా విచిత్రం. ఇప్పటి టచ్ స్క్రీన్ ఒత్తిడిని గుర్తించదు. అద్దం కింద విద్యుత్తు పారే సన్నని పొరల చుట్టూ ఏర్పడే విద్యుత్ క్షేత్రాన్ని వేలు ఎంత మార్చిందో చూస్తుంది. వేలి తొక్కలోని తేమ అందుకు తోడ్పడుతుంది. దశాబ్దాల మట్టి పనితో కాయలు కాసి, పగుళ్లు బారి, పొడిబారిన వేలి కొసను తెర సరిగ్గా పట్టుకోదు. అప్పుడు ఎవరైనా చేసే పని గట్టిగా నొక్కడం. గట్టిగా నొక్కితే వేలు వెడల్పై పక్క బొమ్మను తాకుతుంది, లేదా సమయం మించి 'తొలగించు' వస్తుంది. వేలిముద్రతో తెరుచుకునే తాళాలదీ ఇదే కథ. రేఖలు అరిగిన వేలికి యంత్రం తలుపు తీయదు. మనిషి తన చేతినే అనుమానించడం మొదలుపెడతాడు.

దీనికి మందు చాలా వరకు ఫోనులోనే ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో 'తాకి పట్టుకునే' వ్యవధిని పెంచే అమరిక యాక్సెసిబిలిటీ విభాగంలో దొరుకుతుంది, ఐఫోన్లలోనూ హాప్టిక్ టచ్ పేరుతో అలాంటిదే ఉంది. అక్షరాల సైజు పెంచవచ్చు. తెర ముప్పై సెకన్లకే చీకటి కాకుండా కొన్ని నిమిషాలు వెలిగి ఉండేలా చేయవచ్చు. ఈ చివరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఆలోచించుకుంటున్న మనిషి ముందు తెర ఆరిపోతే, మళ్లీ తాళం తీసి మొదటికి రావాలి. తెర ఆరిన ప్రతిసారీ తానే ఏదో పాడు చేశాననుకుంటాడు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10 నుంచి చాలా ఫోన్లలో అడుగున ఉండే మూడు గుర్తులు (వెనక్కి, ఇల్లు, తెరిచి ఉన్న యాప్‌లు) పోయి, అంచు నుంచి వేలితో తోసే పద్ధతి వచ్చింది. కంటికి కనిపించని మీటను వాడమనడం కొత్తవాళ్లకు ఎంత కష్టమో తయారీదారులు ఆలోచించినట్టు లేదు. సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఆ మూడు గుర్తులను తిరిగి తెచ్చుకోవచ్చు. శిక్షణ తరగతికి మొదటి అరగంట పాఠం అక్కర్లేదు. వచ్చిన ప్రతి ఫోనులోనూ ఈ నాలుగైదు అమరికలు సరిచేస్తే సగం 'మతిమరుపు' అక్కడికక్కడే నయమవుతుంది.

ఇక గుర్తుల భాష. 2013లో ఐఓఎస్ 7తో ఐఫోన్ తెర మీది మీటల ఉబ్బునూ నీడనూ తీసేసింది, మిగతావాళ్లూ దాదాపు అదే దారి పట్టారు. దాంతో మీట ఏదో, మామూలు మాట ఏదో చూపుతో పోల్చుకోవడం కష్టమైంది. మూడు అడ్డగీతలంటే జాబితా అనీ, మూడు చుక్కలంటే మరిన్ని అవకాశాలనీ, పళ్ల చక్రమంటే అమరికలనీ ఎవరికీ పుట్టుకతో తెలియదు. కార్యాలయంలో ఎన్నడూ పనిచేయని మనిషికి ఫైలు, ఫోల్డరు అన్న పోలికలే కొత్త. చిన్నవాళ్లకు ఇవి తెలిసింది తెలివివల్ల కాదు, వందలసార్లు తప్పు నొక్కే తీరిక దొరకడం వల్ల.

మనసు మాటేమిటి? మానసిక శాస్త్రవేత్త రేమండ్ కేటెల్ తెలివిని రెండు పాయలుగా విడదీసి చూపాడు. కొత్త చిక్కుముడిని అప్పటికప్పుడు విప్పే వేగం ఒకటి, అనుభవంతో పోగుపడిన జ్ఞానం రెండోది. వయసుతో మొదటిది మెల్లగా తగ్గుతుంది, రెండోది చాలాకాలం నిలుస్తుంది, పెరుగుతుంది కూడా. మామూలు కంప్యూటర్ తరగతి మొత్తం మొదటిదాన్ని నమ్ముకుని నడుస్తుంది: వేగంగా చూపిస్తారు, వేగంగా చేయమంటారు. రెండోదాన్ని తాకే తరగతి అరుదు. 2014లో మానసిక శాస్త్రవేత్త డెనీస్ పార్క్ బృందం ప్రచురించిన అధ్యయనంలో 60 నుంచి 90 ఏళ్ల వాళ్లు మూడు నెలలపాటు వారానికి సుమారు 15 గంటలు డిజిటల్ ఫొటోగ్రఫీ, బొంతలు కుట్టడం వంటి కొత్త విద్యలు నేర్చుకున్నారు. వాళ్ల జ్ఞాపకశక్తి మెరుగైంది. ఊరికే కలిసి కబుర్లు చెప్పుకుంటూ కాలక్షేపం చేసినవాళ్లలో అంత మార్పు రాలేదు. వారానికి 15 గంటలంటే తక్కువేమీ కాదు. సమయం ఇస్తే విద్య ఒంటబడుతుందన్నది మాత్రం స్పష్టం.

ముందు పని, తర్వాత ఫోను

ఎక్కువ శిక్షణలు యంత్రం వరుసలో నడుస్తాయి. ఫోను భాగాలు, తాళం తీయడం, సెట్టింగ్స్, ఈమెయిల్ ఖాతా, ఇంటర్నెట్ వెతుకులాట. నేర్చుకునే మనిషికి కావలసిన పని ఇందులో ఎప్పటికో వస్తుంది, రాకపోవచ్చు కూడా. ఈ వరుస తిరగేయాలి. ఆమెకు దూరాన ఉన్న కూతురి ముఖం చూడాలని ఉంటే ఆ రోజు పాఠం వీడియో కాల్ ఒక్కటే. ఆయనకు పంట ఆకు మీద పుట్టిన మచ్చను వ్యవసాయ సలహాదారుకు చూపించాలని ఉంటే, పాఠం ఆ ఆకుతోనే మొదలవ్వాలి.

ఆకు ఫొటో పాఠాన్ని దగ్గర నుంచి చూస్తే ఎన్ని మెట్లున్నాయో తెలుస్తుంది. ఎడమ చేత్తో ఆకు పట్టుకోవాలి. ఫోను ఒక్క కుడి చేతిలో మిగులుతుంది, బొటనవేలు మీటకు అందదు. చేయి కదిలితే ఫొటో మసకబారుతుంది. అందుకే ముందు ఆకును బల్ల మీద పెట్టమనాలి. ఇది ఫోను పుస్తకంలో ఉండే పాఠం కాదు, చేతుల పాఠం. తర్వాత తెర మీద మచ్చ ఉన్న చోట ఒకసారి తాకితే అక్కడ స్పష్టంగా కనబడుతుందని చూపాలి. ఫొటో తీశాక అది 'ఎక్కడికి వెళ్లింది' అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. మంచి ప్రశ్న అది. తీసిన ఫొటో కళ్ల ముందు నుంచి మూలకు ఎగిరిపోవడం ఎవరికైనా వింతే. ఆ మూలనున్న చిన్న చతురస్రాన్ని తాకితే ఫొటో మళ్లీ వస్తుందని తెలిసిన క్షణం దగ్గర పాఠం ఆపవచ్చు. పంపడం మర్నాటి పని. ఒక పూటకు ఒక విజయం చాలు.

జర్మన్ మానసిక శాస్త్రవేత్త హెర్మన్ ఎబింగ్‌హాస్ 1885లోనే మరుపు మీద తన ప్రయోగాలను ప్రచురించాడు. నేర్చినది మొదటి గంటల్లో, రోజుల్లో వేగంగా జారిపోతుందనీ, ఎడం ఇస్తూ మళ్లీ మళ్లీ చేస్తే నిలుస్తుందనీ అప్పటి నుంచీ తెలిసిన విషయమే. అయినా శిక్షణలు రెండు రోజుల శిబిరాలుగానే నడుస్తాయి. శిక్షకుడు పట్నం నుంచి రావాలి, బండి ఖర్చు కలిసిరావాలి, కాబట్టి ఆరు గంటలు ఒకే రోజు కూర్చోబెడతారు. ఖర్చు పట్టికకు అది బాగుంటుంది, తలకు బాగుండదు. వారానికి రెండుసార్లు నలభై నిమిషాలు, ప్రతిసారీ గత పాఠాన్ని చూపించకుండా చేయించడం మేలు. పొలం పని ముమ్మరంగా ఉండే వారాల్లో తరగతి పెట్టి ఎవరూ రాలేదని రాసుకోవడం కూడా మానుకోవాలి.

మరో మాట. సైకిలు నేర్పేవాళ్లు బ్రేకు ముందు చూపిస్తారు. ఫోను నేర్పేవాళ్లు వెనక్కి రావడం ముందు నేర్పాలి. దారి తప్పితే ఇంటి గుర్తు నొక్కు, ఏమీ పాడవదు. ఇది చేతికి అలవాటయ్యే దాకా వేరే పాఠం జోలికి పోకపోయినా నష్టం లేదు. సిమ్ లేని, ఖాతాలేవీ లేని పాత ఫోను ఒకటి చేతిలో పెట్టి ఇష్టం వచ్చినట్టు నొక్కమంటే, చిన్నవాళ్లకు దొరికిన ఆ తప్పులు చేసే తీరిక పెద్దవాళ్లకూ దొరుకుతుంది.

అక్షరాలు రానివాళ్ల సంగతి వేరే చెప్పాలి. యునెస్కో లెక్కల్లో చదవడం రాయడం రాని వయోజనులు ప్రపంచంలో 70 కోట్లకు పైనే, వారిలో దాదాపు మూడింట రెండు వంతులు మహిళలు. అక్షరాలు రానివాళ్లలో చాలామందికి అంకెలు వస్తాయి, ఫోను నంబర్లు నోటికి వస్తాయి. వాళ్లకు వాయిస్ మెసేజ్ వరం లాంటిది. రాయక్కర్లేదు, అవతలి మనిషి అప్పుడే ఎత్తాలన్న నియమం లేదు, అర్థం కాకపోతే మళ్లీ వినవచ్చు. పేర్ల పక్కన మనుషుల ఫొటోలు పెడితే జాబితా చదవాల్సిన పనే లేదు. అక్షరాలు నేర్చుకున్నాకే ఫోను అనే షరతు పెట్టిన శిక్షణ వాళ్లను గడప దాటనివ్వదు.

భయానికి కారణం ఉంది

పెద్దవాళ్లు ఫోనంటే ఊరికే భయపడతారని చిన్నవాళ్లు నవ్వుకుంటారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐకి 2024లో వచ్చిన ఇంటర్నెట్ నేరాల ఫిర్యాదుల్లో 60 ఏళ్లు దాటిన వాళ్లు పోగొట్టుకున్న మొత్తం దాదాపు 490 కోట్ల డాలర్లు. ఫిర్యాదు చేయనివాళ్లు, సిగ్గుపడి ఇంట్లో కూడా చెప్పనివాళ్లు ఈ లెక్కలో లేరు. తప్పు నొక్కితే జీవితకాలపు పొదుపు పోవచ్చని అనుకునే మనిషి భయం పిరికితనం కాదు, అంచనా. శిక్షకుడు 'ఏం కాదు, నొక్కండి' అంటే నమ్మకం పెరగదు. ఎక్కడ నొక్కితే ఏమీ కాదో, ఎక్కడ నొక్కితే అవుతుందో గీత గీసి చూపాలి. కెమెరా, ఫొటోలు, అక్షరాల సైజు ఈ పక్క. పిన్ అడిగే తెర, ఓటీపీ, తెలియని నంబరు పంపిన లింకు, 'మీ ఫోనులో ఈ యాప్ వేసుకోండి, నేను సరిచేస్తాను' అనే గొంతు ఆ పక్క.

ఓటీపీ ఒక్కటే ఒక పూట పాఠానికి సరిపడా సరుకు. ఒక యాప్‌లో ఉండగా అంకెలు వేరే చోటికి వస్తాయి. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లి, ఆరంకెలు మనసులో పెట్టుకుని, వెనక్కి వచ్చి, గడువు తీరేలోగా కొట్టాలి. ఒకేసారి మోయవలసిన భారం ఎక్కువైతే నేర్చుకోవడం ఆగిపోతుందని విద్యా మనస్తత్వవేత్త జాన్ స్వెల్లర్ 1988లో ప్రతిపాదించిన సిద్ధాంతానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. పక్కన కాగితం, పెన్సిలు ఉంటే భారం సగం దిగుతుంది. కాగితం మీద రాసుకోవడం వెనకబాటని నవ్వే శిక్షకుడు బరువు మోసేది తాను కాదని మరిచిపోతున్నాడు. ఆ అంకెలు ఎవరికీ చదివి వినిపించకూడదన్న మాట కూడా ఆ కాగితం పైనే రాసుకోవచ్చు.

మోసాల పాఠంలో ఎక్కువమంది వదిలేసే భాగం ఒకటుంది. మర్యాదస్తులైన పెద్దలు ఎదుటి మనిషి మాట్లాడుతుండగా ఫోను పెట్టేయలేరు. మోసగాడి పెట్టుబడి అదే. తొందరపెడతాడు, భయపెడతాడు, మధ్యలో లైను తెంచనివ్వడు. అందుకని ఫోను పెట్టేయడాన్ని తరగతిలో అభ్యాసం చేయించాలి. శిక్షకుడు మోసగాడిగా గద్దించాలి, నేర్చుకునే మనిషి 'నేను మళ్లీ చేస్తాను' అని ఎర్ర మీట నొక్కాలి. తర్వాత తమ దగ్గర ముందే ఉన్న నంబరుకు తామే చేసి కనుక్కోవాలి. మొదటిసారి నవ్వులు వస్తాయి. నాలుగోసారికి గొంతు గట్టిపడుతుంది.

నేర్పేది ఎవరు

మానసిక శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ఆత్మవిశ్వాసపు మూలాల గురించి రాసినప్పుడు, స్వయంగా చేసి గెలిచిన అనుభవం అన్నిటికంటే బలమైనదనీ, తనలాంటి మనిషి చేయగా చూడడం ఆ తర్వాతిదనీ చెప్పాడు. 'తనలాంటి' అన్న మాట ముఖ్యం. పదిహేడేళ్ల కుర్రవాడు చకచకా చేసి చూపితే అరవై ఎనిమిదేళ్ల మనిషికి కలిగేది విశ్వాసం కాదు, దూరం. నిన్నటిదాకా తనలాగే తడబడిన పొరుగావిడ చేసి చూపితే కథ మారుతుంది. జపాన్‌కు చెందిన మసాకో వకమియా 81 ఏళ్ల వయసులో, 2017లో ఐఫోన్‌కు ఆట రూపొందించి ఆపిల్ సమావేశానికి ఆహ్వానం అందుకున్నారు. ఇలాంటి ఉదాహరణలు విని సంతోషించవచ్చు. తరగతిలో వాటిని చూపించి 'ఆవిడ చేసింది, మీరెందుకు చేయలేరు' అంటే అది పాఠం కాదు, దెప్పిపొడుపు.

రాజస్థాన్‌లోని తిలోనియాలో 1972లో మొదలైన బేర్‌ఫుట్ కాలేజీ అనుభవం ఇంకా పనికొస్తుంది. ఆ సంస్థ అనేక దేశాల పల్లెల నుంచి చదువు అంతగా రాని, నడివయసు దాటిన మహిళలను రప్పించి, ఆరు నెలల్లో సౌర దీపాల సర్క్యూట్లు కూర్చడం, బాగుచేయడం నేర్పింది. ఒకరి భాష ఒకరికి రాదు. రంగులు, సైగలు, చేసి చూపించడమే బోధన. అమ్మమ్మలనే ఎందుకు ఎంచుకున్నారంటే, కుర్రవాళ్లు ధ్రువపత్రం చేతికి రాగానే పట్నం వెళ్లిపోతారనీ, అమ్మమ్మలు ఊళ్లోనే ఉంటారనీ స్థాపకుడు బంకర్ రాయ్ చెబుతూ వచ్చారు. డిజిటల్ శిక్షణకు ఈ తర్కం అక్షరాలా వర్తిస్తుంది. ఊరికి ఒక్క పెద్దావిడకు బాగా నేర్పితే, శిక్షకుడు వెళ్లిపోయిన తర్వాతా అడగడానికి ఒక గడప మిగులుతుంది.

సంఖ్య మీద మోజు ఉన్నవాళ్లు ఎస్టోనియాను చూపిస్తారు. 2001లో అక్కడ బ్యాంకులు, టెలికం కంపెనీలు కలిసి మొదలుపెట్టిన కార్యక్రమంలో దాదాపు లక్ష మంది వయోజనులకు కంప్యూటర్, ఇంటర్నెట్ ప్రాథమిక శిక్షణ దొరికింది. పద్నాలుగు లక్షలు కూడా లేని దేశంలో అది చిన్న సంగతి కాదు. అయితే శిక్షణతో పాటు జనం వాడుకోవడానికి ఇంటర్నెట్ కేంద్రాలూ తెరిచారు. నేర్చుకున్నది మర్నాడు వాడుకునే చోటు ఉంది. ఆ రెండో సగం లేకుండా మొదటి సగాన్ని అనుకరించేవాళ్లే ఎక్కువ.

నేర్పడం వేరు, చేసిపెట్టడం వేరు. కెనడాలో పనిచేసే పరిశోధకురాలు మరియా బకార్జియెవా, కొత్తగా ఇంటర్నెట్‌లోకి వచ్చేవాళ్లకు దారి చూపే దగ్గరి మనిషికి 'వార్మ్ ఎక్స్‌పర్ట్' అని పేరు పెట్టారు. ఆ దగ్గరి మనిషికి యంత్రం తెలుసు, నేర్చుకునే మనిషీ తెలుసు. పల్లెలో అలాంటివాళ్లకు కొదవ లేదు. చిక్కల్లా వాళ్ల వేళ్లు ఆగకపోవడమే. సాయం అడిగిన ప్రతిసారీ ఫోను చేతులు మారితే, పని అవుతుంది, విద్య రాదు. దానికి మించిన ప్రమాదం మరొకటి ఉంది. సాయం చేసిన మనిషి తన నంబరుతో ఖాతా తెరుస్తాడు, పాస్‌వర్డు తానే పెడతాడు, పిన్ తనకు తెలిసే ఉంటుంది. దురుద్దేశం లేకపోయినా, ఆ రోజు నుంచి పెద్దాయన డబ్బుకూ ఉత్తరాలకూ ద్వారపాలకుడు అతనే. అతను ఊరు వదిలినా, నంబరు మారినా ఖాతా తాళం ఎవరికీ తెరుచుకోదు. అందుకే శిక్షణలో మొట్టమొదట సరిచూడాల్సింది ఫోను ఎవరి పేరున ఉందో కాదు, ఖాతా తిరిగి తెరవడానికి పెట్టిన నంబరు ఎవరిదో.

నేర్పేవాళ్లు చేతులు వెనక్కి కట్టుకోవడం మంచి నియమం. మాటతో చెప్పాలి, కాగితం మీద గీసి చూపాలి, తప్పనిసరైతే తమ ఫోనులో చేసి చూపాలి. ఎదుటివాళ్ల తెర మాత్రం ముట్టుకోకూడదు. ఇది వినడానికి సులువు. నలభై సెకన్లపాటు ఒక వేలు సరైన బొమ్మ మీద తచ్చాడుతుంటే చూస్తూ ఊరుకోవడం ఎంత కష్టమో ప్రయత్నించినవాళ్లకే తెలుసు.

కాగితం చీటీలు కూడా నేర్చుకునేవాళ్లే రాసుకోవాలి, రాయలేకపోతే బొమ్మలు గీసుకోవాలి. శిక్షణ సంస్థలు రంగుల్లో అచ్చేసి పంచే పుస్తకాలు యాప్ ఒకసారి రూపు మార్చుకోగానే పాతబడతాయి. 'పైన కుడి మూల నొక్కు' అని రాసుకున్న మనిషి ఆ మూలలో ఏమీ లేకపోతే అక్కడే ఆగిపోతాడు. 'ఫోను గుర్తు కోసం వెతుకు' అని రాసుకున్న మనిషి వెతుకుతాడు.

సిగ్నల్ లేని చోట

ఊళ్లో ఒక్క చోటే సిగ్నల్ అందితే, తరగతి ఆ చోటే పెట్టాలి, అది చెట్టు కింద అయినా సరే. ఇంట్లో ఒకే ఫోను ఉంటే పగలంతా అది పనికి వెళ్లినవాళ్ల జేబులో ఉంటుంది. అలాంటి ఇంటి పెద్దకు పగటి తరగతి ఎన్ని వారాలు పెట్టినా సాధనకు వస్తువే ఉండదు. కేంద్రానికి చేరడానికి రెండు బస్సులు మారాలంటే మోకాళ్లు ఒప్పుకోవు. ఇవి బోధనా సమస్యలు కావు కాబట్టి బోధకులు పట్టించుకోరు, శిక్షణలను మాత్రం ఇవే ముంచుతాయి. పల్లెకు ఒక కలిసొచ్చే అంశం కూడా ఉంది. అడగడానికి మనుషులు నడక దూరంలో ఉంటారు, మొహమాటం తక్కువ. వారానికి ఒకసారి ఫలానా గంటకు ఫలానా అరుగు మీద ఒకరు కూర్చుంటారన్న నమ్మకం, నెల రోజుల శిబిరం కంటే ఎక్కువ పని చేస్తుంది.

కొందరు నేర్చుకోరు. ఎనభై ఆరేళ్ల మనిషి నాకు వద్దు అంటే, ఆ మాట వినడం కూడా సేవలు అందించేవాళ్ల బాధ్యతే. కౌంటరులో మనిషి, కాగితం దరఖాస్తు, మామూలు ఫోను కాల్ మిగిలి ఉన్నప్పుడే నేర్చుకోవడం ఒక ఎంపిక అవుతుంది. అవి తీసేసిన తర్వాత పెట్టే తరగతిలో కూర్చున్నవాళ్ల ముఖాల్లో కుతూహలం వెతకడం అన్యాయం.

ఎంతమందికి నేర్పారన్న లెక్క ధ్రువపత్రాలతో తేలదు. ఆ అరుగు మీద కూర్చునే మనిషి దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, వచ్చినవాళ్లు అడిగిన మాటలను అడిగినట్టే రాయిస్తే కొంత తెలుస్తుంది. మొదటి వారాల్లో 'ఇది కాస్త చేసిపెట్టు' అనే రాయాల్సి వస్తుంది. కొన్నాళ్లకు 'నేను ఇది నొక్కాను, అది ఎటు పోయింది' అన్న ప్రశ్న కనిపిస్తే పాఠం ఒంటబడుతున్నట్టే. అదే చేతిరాతలో ఎప్పుడో ఒకనాడు 'మా పక్కింటావిడకు నేర్పుతున్నాను, ఆవిడ ఫోనులో ఆ మూడు గుర్తులు కనబడడం లేదు' అన్న వాక్యం కూడా చేరవచ్చు.